మల్టీమీటర్‌కు అందని పన్నెండు మిల్లీసెకన్లు: ఆసిలోస్కోప్ నేర్చుకుంటూ రాసుకున్న డైరీ

మొదలు

కుండీల్లో మొక్కలకు తనంతట తానే నీళ్లు పెట్టే చిన్న పరికరం ఒకటి కట్టాను. మట్టిలో తేమ తగ్గితే ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రాం బోర్డు ఒక మోస్‌ఫెట్‌ను (ఎలక్ట్రానిక్ స్విచ్) ఆన్ చేస్తుంది, 5 వోల్టుల పంపు నాలుగు సెకన్లు తిరుగుతుంది, ఎన్నిసార్లు తిరిగిందో బోర్డు లెక్క పెట్టుకుంటుంది. అంతా బాగానే ఉంది. కానీ ఐదారుసార్లకు ఒకసారి పంపు ఆన్ అయిన క్షణంలోనే బోర్డు రీసెట్ అయిపోతోంది. లెక్క మళ్లీ సున్నాకి వచ్చేస్తోంది.

ప్రోగ్రాం మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాను, తప్పేమీ కనిపించలేదు. మల్టీమీటర్ పెట్టి సప్లై చూస్తే 5.02 వోల్టులు. పంపు ఆన్ అయినప్పుడు ఒక్కసారి 4.9 చూపించి మళ్లీ పైకి వచ్చేస్తోంది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ సెకనుకు రెండు మూడుసార్లు మాత్రమే అంకె మారుస్తుంది. ఆ మధ్యలో వోల్టేజి పడి లేచినా దానికి తెలిసే దారి లేదు. అందుకే వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ తెచ్చుకున్నాను. రెండు చానెళ్లు (సిగ్నల్ లోపలికి వెళ్లే దారులు), 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (అది చూపగల వేగం), సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు (వోల్టేజి కొలతలు). ఇంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. అందుకే పంపు జోలికి వెంటనే పోకుండా, ముందు స్కోపు భాష నేర్చుకుందామని నిర్ణయించుకున్నాను.

1వ రోజు

సిగ్నల్‌ను స్కోపులోకి తీసుకెళ్లే తీగ, అంటే ప్రోబు, దాని మొన మీద వేలు పెట్టగానే తెర మీద ఒక వంకర టింకర అల లేచింది. ఒక అల పొడవు 20 మిల్లీసెకన్లు, అంటే 50 హెర్ట్జ్. గోడల్లో వైరింగ్ నుంచి నా ఒంట్లోకి చేరుతున్న కరెంటు అలికిడి అది. ఏ తీగా తగలకుండానే! కాసేపు వేలు తీస్తూ పెడుతూ చూస్తూ కూర్చున్నాను.

తర్వాత స్కోపు ముందు భాగంలో ఉన్న పరీక్ష కొక్కేనికి ప్రోబు తగిలించాను. నా దాంట్లో అక్కడ 3 వోల్టుల, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. తెర మీద మాత్రం 0.3 వోల్టులే కనిపించింది. ప్రోబు మీది స్విచ్ పది రెట్ల వైపు ఉంది, చానెల్ మెనూలో ఒక రెట్టు అని ఉంది. పది రెట్ల ప్రోబు సిగ్నల్‌ను పదో వంతు చేసి లోపలికి పంపుతుంది కాబట్టి, ఆ సంగతి స్కోపుకు కూడా చెప్పాలి. మెనూ మార్చగానే 3 వోల్టులు వచ్చింది.

అల మూలలు మాత్రం సరిగ్గా లేవు. నిటారుగా లేచి చదునుగా సాగాల్సింది, మూల దగ్గర గుండ్రంగా ఒరిగిపోతోంది. ప్రోబుతో పాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ప్రోబు మీది స్క్రూను మెల్లగా తిప్పాను. గుండ్రం తగ్గుతూ వచ్చింది. ఇంకొంచెం తిప్పితే మూల పైకి కొమ్ములా పొడుచుకొచ్చింది. వెనక్కి వెంట్రుకవాసంత తిప్పగానే మూల లంబంగా నిలబడింది.

అది ఎందుకో అర్థమయ్యాక ఈ స్క్రూ మీద గౌరవం పెరిగింది. పది రెట్ల ప్రోబులో 9 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, స్కోపు లోపల 1 మెగాఓమ్. రెండూ కలిసి పదో వంతు చేస్తాయి. కానీ స్కోపు ముఖద్వారం దగ్గర, కేబుల్‌లో కొంత కెపాసిటెన్స్ (చార్జిని నిలవబెట్టుకునే గుణం) కూడా ఉంటుంది. వేగంగా మారే సిగ్నల్‌కు ఆ కెపాసిటెన్స్ అడ్డుపడి మూలలను అరగదీస్తుంది. దాన్ని సరితూచడానికే ఈ స్క్రూ కింద చిన్న కెపాసిటర్ పెట్టారు. ఇది సరిచేయకుండా చూసిన ప్రతి అలా కొంచెం అబద్ధమే. ఇక నుంచి ప్రోబు చానెల్ మార్చినప్పుడల్లా ముందు ఈ పని.

2వ రోజు

ఈ రోజు ఏ సర్క్యూట్టూ ముట్టుకోలేదు. ప్రోబుకు వేలాడే నల్ల గ్రౌండు క్లిప్పు గురించి మాత్రమే నేర్చుకున్నాను, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే అల చెడిపోవడంతో ఆగదు.

మల్టీమీటర్ నల్ల తీగను ఎక్కడైనా పెట్టొచ్చు. స్కోపు క్లిప్పు అలా కాదు. అది స్కోపు బాడీ గుండా ప్లగ్గులోని మూడో పిన్నుకు, అంటే నేలకు కలిసి ఉంటుంది. ఆ మూడో పిన్ను ద్వారా నేలకు కలిసిన ఏ సర్క్యూట్‌లోనైనా క్లిప్పును 5 వోల్టుల దగ్గర తగిలిస్తే నేరుగా షార్ట్ సర్క్యూట్. పైగా రెండు చానెళ్ల క్లిప్పులూ లోపల ఒకటే. ఒకదాన్ని గ్రౌండుకూ, ఇంకొకదాన్ని మరో చోటుకూ పెడితే ఆ రెండు చోట్లనూ మనమే కలిపేసినట్టు. మల్టీమీటర్ పెట్టి రెండు క్లిప్పుల మధ్య కొలిచి చూశాను, దాదాపు సున్నా ఓమ్‌లు. ఇలా కళ్లారా చూసుకున్నది మర్చిపోను.

గోడ సాకెట్ కరెంటుకు నేరుగా కలిసిన దేని మీదా ఈ ప్రోబు పెట్టను. క్లిప్పు ఇబ్బంది తప్పించుకోవడానికి స్కోపు ప్లగ్గులో మూడో పిన్ను తీసేసేవాళ్లు ఉంటారని విన్నాను. అది ప్రాణం మీదికి తెచ్చే పని. అప్పుడు స్కోపు బాడీకే ఆ వోల్టేజి ఎక్కుతుంది, నాబ్ తిప్పే చెయ్యి దాని మీదే ఉంటుంది.

గ్రౌండు కాని రెండు చోట్ల మధ్య తేడా చూడాలంటే రెండు ప్రోబుల మొనలు వాటి మీద పెట్టి, మ్యాథ్ మెనూలో మొదటి చానెల్ నుంచి రెండోది తీసివేయమనాలి. ఇది తర్వాత పనికొస్తుందని రాసుకుంటున్నాను.

3వ రోజు

బోర్డు ఆరో పిన్నుకు రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ కట్టి, అనలాగ్‌రైట్‌లో (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఆదేశం) 64 ఇచ్చాను. ఎల్‌ఈడీ మసకగా వెలిగింది. ప్రోబు పెడితే తెర మీద స్క్వేర్ వేవ్‌లు ఒకదాని మీద ఒకటి పరుగెడుతున్నాయి, ఒక్క క్షణం నిలవవు.

ట్రిగ్గర్ లెవెల్ గీత అలకు పైన, 6 వోల్టుల దగ్గర ఉంది. దాన్ని కిందికి దించి 2.5 దగ్గరికి తేగానే మొత్తం బొమ్మ గోడకు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. స్కోపు తెరను పదేపదే గీస్తుంది. ఎప్పుడు గీయడం మొదలుపెట్టాలో మనం చెప్పాలి. సిగ్నల్ పైకి ఎక్కుతూ ఈ వోల్టేజిని దాటినప్పుడు మొదలుపెట్టు, అంటే చాలు, ప్రతి గీతా ఒకే చోట నుంచి మొదలై ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటుంది.

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అల కనపడే తెర, కేథోడ్ రే ట్యూబు, తయారుచేసింది 1897లో. టెక్ట్రానిక్స్ కంపెనీ వాళ్ల 511 మోడల్ స్కోపు ఇలా ట్రిగ్గర్‌తో నడిచే స్వీప్‌తో వచ్చింది 1947లో. అల కనపడటానికీ, అల నిలబడటానికీ మధ్య యాభై ఏళ్లు. ఆ నాబ్ తిప్పిన క్షణంలో ఆ యాభై ఏళ్ల విలువ నాకు చేతికి తెలిసింది.

కర్సర్లు (తెర మీద జరిపే కొలత గీతలు) పెట్టి కొలిచాను. మొత్తం అల 1.024 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 977 హెర్ట్జ్. అందులో 64 ఇచ్చాను కాబట్టి 256లో 64 వంతులు, 256 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉండాలనుకున్నాను. తెర మీద 260 ఉంది. మూడుసార్లు కొలిచినా 260. డేటాషీట్ తీసి చదివితే తెలిసింది: ఆ పిన్నును నడిపే టైమర్ సున్నా నుంచి 64 దాకా లెక్కపెడుతుంది, సున్నాను కూడా కలిపితే 65 లెక్కలు. ఒక్కో లెక్క 4 మైక్రోసెకన్లు. అరవై ఐదు నాలుగుల రెండు వందల అరవై. ఆ నాలుగు మైక్రోసెకన్లు దొరికినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

5వ రోజు

స్కోపు నాతో అబద్ధం చెప్పిన రోజు.

అదే ఎల్‌ఈడీ, అదే ప్రోగ్రాం. ఎక్కువసేపు జరిగేది ఒకేసారి చూద్దామని టైమ్‌బేస్‌ను (తెర మీది ఒక్కో గడి ఎంత సమయమో చెప్పేది) గడికి 1 సెకనుకు పెట్టి, పది సెకన్లు రికార్డు చేసి, ఆపి, జూమ్ చేశాను. చక్కటి స్క్వేర్ వేవ్ వచ్చింది. కానీ ఫ్రీక్వెన్సీ 23 హెర్ట్జ్! 977 ఎక్కడ, 23 ఎక్కడ? బోర్డు పాడైందేమోనని టెన్షన్ వచ్చింది. అప్పుడు ఎల్‌ఈడీ వైపు చూశాను. నిలకడగా వెలుగుతోంది. నిజంగా 23 హెర్ట్జ్ అయితే అది కళ్ల ముందు టపటపా కొట్టుకోవాలి. అంటే కన్ను చెప్పేదే నిజం, తెర చెప్పేది తప్పు.

కాగితం మీద లెక్క వేస్తే విషయం తేలింది. మెమరీని 10,000 పాయింట్లకు పెట్టుకున్నాను. పది సెకన్లకు పదివేల పాయింట్లు, అంటే సెకనుకు 1000 శాంపిళ్లే. పెట్టె మీద రాసిన 100 కోట్లు టైమ్‌బేస్ వేగంగా ఉన్నప్పటి మాట. ఒక అలకు కనీసం రెండు శాంపిళ్లకు పైగా ఉండాలి, నాకు ఒక్కటే దక్కుతోంది. ప్రతి శాంపిలూ అలలో దాదాపు అదే చోట, కానీ కొద్దికొద్దిగా జరుగుతూ పడుతోంది. ఆ జరుగుడే ఒక కొత్త నెమ్మది అలలా కనిపిస్తుంది. 1000 లోంచి 977 తీసేస్తే 23. లెక్క అచ్చంగా సరిపోయింది.

మెమరీని పెంచి మళ్లీ రికార్డు చేస్తే 977 తిరిగి వచ్చింది. ఇప్పుడు తెర మూలన శాంపిల్ రేటు అంకె ఎక్కడుందో ముందు దాన్ని చూసే అలవాటు చేసుకుంటున్నాను.

6వ రోజు

ఏసీ కప్లింగ్, డీసీ కప్లింగ్. 5 వోల్టుల మీద కూర్చున్న కొన్ని మిల్లీవోల్టుల అలజడి చూడాలంటే ఏసీ. అసలు 5 వోల్టులు ఎంత పడిందో చూడాలంటే డీసీ. నాకు కావలసింది రెండోది. ఈ రోజుకు ఇంతే.

8వ రోజు

సీరియల్ పిన్ను (బోర్డు అక్షరాలను బిట్టు బిట్టుగా పంపే చోటు) మీద ప్రోబు పెట్టి, సెకనుకు 9600 బిట్ల వేగంతో ఇంగ్లిష్ పెద్ద అక్షరం ‘ఏ’ను పదేపదే పంపాను. ఖాళీగా ఉన్నప్పుడు గీత పైన ఉంటుంది. ఒక్కసారి కిందికి పడిందంటే అక్షరం మొదలైందని గుర్తు. ఆ తర్వాత ఒక్కో బిట్టుకు 104 మైక్రోసెకన్లు. గడికి 104 వచ్చేలా పెట్టడం కుదరలేదు కాబట్టి కర్సర్‌ను ఒక్కో బిట్టు చొప్పున జరుపుతూ చదివాను: పైన, కింద, కింద, కింద, కింద, కింద, పైన, కింద. అన్నిటికన్నా తక్కువ విలువ ఉన్న బిట్టు ముందు వస్తుంది కాబట్టి తిరగేసి రాస్తే 01000001. అంటే 65. ‘ఏ’ కోడు అదే. తీగలో పోతున్న అక్షరాన్ని నా కళ్లతో చదవడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత నా పేరు పంపి అది కూడా చదివాను. రాత్రి చాలా పొద్దుపోయింది, అయినా లేవబుద్ధి కాలేదు.

10వ రోజు

పిన్ను పైకి లేచే అంచును బాగా దగ్గరగా, గడికి 20 నానోసెకన్లలో చూశాను. అంచు 5 వోల్టులు దాటి 6.5 దాకా ఎగిరి, కిందికి వచ్చి, మళ్లీ ఎగిరి, గంట కొట్టినట్టు మోగుతూ నెమ్మదిగా సర్దుకుంటోంది. నా సర్క్యూట్‌లోనే లోపం ఉందనుకుని తీగలు పొట్టి చేశాను, రెసిస్టర్ మార్చాను. ఏమీ మారలేదు.

మారనిది నల్ల క్లిప్పు తీగ. జానెడు పొడవు, 15 సెంటీమీటర్లు. తీగకు మిల్లీమీటరుకు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) అని రఫ్‌గా లెక్కేస్తే 150 నానోహెన్రీలు. ప్రోబు మొన కెపాసిటెన్స్ ఒక 10 పికోఫారడ్‌లు. ఈ రెండూ కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. నేను చూసిన ఊపు దాదాపు అదే. క్లిప్పు తీసేసి, ప్రోబు మొన పక్కనే చుట్టుకునే చిన్న స్ప్రింగ్ గ్రౌండు తొడిగి, దాన్ని బోర్డు గ్రౌండు పిన్నుకు ఆనించి చూశాను. మోత చాలావరకు పోయింది. అంటే మోగింది నా సర్క్యూట్ కానే కాదు, నా కొలత.

గ్రౌండు అంటే వోల్టేజి లేని చోటు అని బడిలో చదువుకున్నట్టు అనుకుంటూ వచ్చాను. అది కూడా ఒక తీగే, దాని మీద కూడా వోల్టేజి పడుతుంది. ఈ మాట మూడు రోజుల్లోనే మళ్లీ ఎదురొచ్చింది.

12వ రోజు

పంపు. ఇక సిద్ధంగా ఉన్నాను.

మొదటి చానెల్ బ్రెడ్‌బోర్డ్ (తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీది 5 వోల్టుల పట్టాకు, రెండోది మోస్‌ఫెట్ గేటుకు (దాన్ని ఆన్ చేసే కాలు). ఒకే ఒక్క క్లిప్పు, బోర్డు గ్రౌండుకు. రెండో ప్రోబు క్లిప్పు తీసి పక్కన పెట్టేశాను. ట్రిగ్గర్ మొదటి చానెల్ మీద, కిందికి పడుతూ 4 వోల్టులు దాటినప్పుడు. మోడ్ సింగిల్. ఆటోలో పెడితే స్కోపు ఎదురుచూడకుండా గీస్తూ పోతుంది, అరుదుగా వచ్చే సంఘటన మీద మళ్లీ కొత్త గీత గీసేస్తుంది. సింగిల్‌లో అయితే వేటగాడు మాటు వేసినట్టు కూర్చుంటుంది. పడిపోకముందు ఏం జరిగిందో కూడా కావాలి కాబట్టి ట్రిగ్గర్ బిందువును ఎడమ నుంచి రెండో గడికి జరిపాను. గడికి 2 మిల్లీసెకన్లు.

మొదటిసారే దొరికింది. గేటు పైకి లేవగానే 5 వోల్టులు కుప్పకూలి 3.0కి వచ్చింది. అక్కడి నుంచి ఒంపు తిరిగి నెమ్మదిగా పైకి ఎక్కుతూ దాదాపు 12 మిల్లీసెకన్లకు కోలుకుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు అది దాదాపు ఒక చిన్న రెసిస్టర్ లాంటిదే, ఎంత దొరికితే అంత కరెంటు లాగుతుంది. తిరగడం మొదలయ్యాకే దాని ఎదురు వోల్టేజి పెరిగి కరెంటు తగ్గుతుంది. తెర మీది ఆ ఒంపు అదే, మోటారు ఊపందుకోవడం. కానీ ఈసారి బోర్డు రీసెట్ కాలేదు.

మళ్లీ మళ్లీ ఆన్ చేశాను. 3.1, 3.0, 3.2. ఏడోసారి బొమ్మ వేరుగా వచ్చింది. 5 వోల్టులు 2.6 దాకా పడింది. ఆ క్షణంలోనే గేటు సున్నాకి పడిపోయింది. గేటు పడగానే 5 వోల్టులు తిరిగి పైకి తన్నుకొచ్చింది. మొత్తం కథ అర మిల్లీసెకను కూడా లేదు. బోర్డు మీది ఎల్‌ఈడీ ఆరి వెలిగింది, లెక్క సున్నా.

ఊనో బోర్డు మీది చిప్పుకు 2.7 వోల్టుల దగ్గర బ్రౌన్‌అవుట్ పెట్టి ఉంటుంది. అంతకన్నా కిందికి పోతే చిప్పు తనను తాను రీసెట్ చేసుకుంటుంది. రీసెట్‌లో పిన్నులన్నీ వదిలేస్తుంది, గేటు దగ్గర నేను పెట్టిన 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ గేటును కిందికి లాగేస్తుంది, పంపు ఆగుతుంది, వోల్టేజి లేస్తుంది. నెలరోజులుగా నన్ను ఏడిపించినది రెండు గీతల్లో, పక్కపక్కన, వరసక్రమంతో సహా కనిపించింది. ఐదారుసార్లకు ఒకసారే ఎందుకంటే, పంపు ఆగిన స్థానాన్ని బట్టి అది లాగే మొదటి కరెంటు మారుతున్నట్టుంది. 3.0కీ 2.7కీ మధ్య నాకున్న ఆసరా అంతే.

13వ రోజు

ముందు తోచినది చేశాను: పట్టా మీద 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. 3.0 కాస్తా 3.1 అయింది. మోటారు 2 ఆంపియర్లు లాగుతుంటే 470 మైక్రోఫారడ్‌లు పావు మిల్లీసెకనులో ఒక వోల్టు పోగొట్టుకుంటాయి. 12 మిల్లీసెకన్లు ఎక్కడ ఆగుతాయి?

వోల్టేజి పడటం సరే, ఎక్కడ పడుతోంది? క్లిప్పును సప్లై మైనస్ టెర్మినల్‌కు మార్చాను. మొదటి ప్రోబు మొన సప్లై ప్లస్ దగ్గర: 4.5 వోల్టుల దాకా మాత్రమే పడింది. సప్లై తట్టుకుంటోంది. రెండో మొన బ్రెడ్‌బోర్డ్ ప్లస్ పట్టా మీద పెట్టి, మొదటి చానెల్ నుంచి రెండోది తీసివేయమన్నాను. తీగ మీదే 0.8 వోల్టు. తర్వాత మొనను బ్రెడ్‌బోర్డ్ గ్రౌండు పట్టా మీద పెట్టాను. సున్నా ఉండాల్సిన గీత పంపు ఆన్ అవగానే 0.7 వోల్టు పైకి లేచి, అదే ఒంపుతో కిందికి దిగింది. గ్రౌండు లేచి దిగింది!

4.5 లోంచి 0.8, 0.7 తీసేస్తే 3.0. నిన్న చూసిన అంకె. 2 ఆంపియర్లకు ఒకటిన్నర వోల్టు, అంటే ఆ సన్నటి జంపర్ తీగలూ, బ్రెడ్‌బోర్డ్ పట్టుకొక్కేలూ కలిసి దాదాపు 0.75 ఓమ్. పంపు కరెంటూ, బోర్డు కరెంటూ ఒకే దారిలో పోతున్నాయి. పంపు తొక్కిసలాటకు బోర్డు నలిగిపోతోంది.

పంపుకు, మోస్‌ఫెట్ సోర్స్‌కు (గ్రౌండు వైపు కాలు) రెండు లావు తీగలు సప్లై టెర్మినల్స్ నుంచే నేరుగా వేశాను. బోర్డుకు దాని పాత సన్న తీగలు అలాగే, విడిగా. కొత్త భాగం ఒక్కటి కూడా కొనలేదు.

మళ్లీ సింగిల్, మళ్లీ మాటు. 4 వోల్టుల ట్రిగ్గర్ అసలు తగలలేదు. 4.7కి పెంచితే దొరికింది: బోర్డు దగ్గర ఎంత పడినా 4.4.

14వ రోజు

పంపును నలభైసార్లు ఆన్ చేశాను, మధ్యలో ఆగే సమయం మారుస్తూ. బోర్డు లెక్క కంప్యూటర్ మీద కనిపించే సీరియల్ మానిటర్‌లో 40. ఒక్క రీసెట్ లేదు. 4.4 గీతను సేవ్ చేసి, 12వ రోజు 2.6 గీత పక్కన పెట్టుకున్నాను.

పంపు ఆఫ్ అయ్యేటప్పుడు మోస్‌ఫెట్ డ్రెయిన్ (పంపు వైపు కాలు) మీద సన్నటి ముల్లు ఒకటి కనిపిస్తోంది, దాన్ని ఆపడానికి పెట్టిన డయోడ్ ఉన్నా సరే. డయోడ్ తీగ పొడవు వల్లా, నా క్లిప్పు వల్లా అన్నది రేపు స్ప్రింగ్ గ్రౌండు పెట్టి చూడాలి.